తరుగు సున్నా

‘134ఏ’ అని స్టిక్కరు అంటించిన సిలిండర్‌కు పైపు తగిలించగానే మంజుల చేతిలోని గ్యాసు పరీక్షించే మిషను కీచుమని అరిచింది. లోపల సగానికి సగం వంటగ్యాసు ఉంది.

మిషను పాడైందేమో అనుకుంది. ముందు వరుసలోని సిలిండర్‌కు తగిలించింది. అరవలేదు. దాని పక్కదానికి, ఆ పక్కదానికి తగిలించింది. శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ వెనక వరుసకు వచ్చి మొదటి దానికే పెట్టింది. మళ్లీ అదే అరుపు. పైపు విప్పుతుంటే ముక్కుకు తగిలిన వాసనను గుర్తుపట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు. వెలిగించకుండా పొయ్యి నాబు తిప్పితే వంటింట్లో వచ్చే వాసన అది.



ఫ్రిజ్‌లను, కార్ల ఏసీలను చల్లబరిచే 134ఏ గ్యాసుకు మంట అంటుకోదు. ఆ ధైర్యంతోనే మెకానిక్‌లు దాని పక్కనే మంట వెలిగించి రాగి పైపులు అతుకుతారు. అందులో ఇంత వంటగ్యాసు కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు.

గోడౌను ఆదోనిలో ఊరి చివర ఉంది. ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు. పత్తి వ్యాపారంలో తాతముత్తాతల నుంచి ఉన్న గురురాజ, దాన్ని డీప్ ఫ్రీజర్లు చేసే కంపెనీగా మార్చాడు. చుట్టుపక్కల మెకానిక్‌లకు గ్యాసు కూడా ఇక్కడి నుంచే పోతుంది. గోడౌను చూసేది శంకరన్న. మంజులది ఎమ్మిగనూరు. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, బీకాం చదివి, ఈ కంపెనీ లెక్కలు చూస్తోంది.

చల్లదనమిచ్చే ఈ గ్యాసులు గాలిలో కలిస్తే భూమిని వేడెక్కిస్తాయి. అందుకని ప్రభుత్వం వీటి వాడకాన్ని ఏడాదికి కొంత చొప్పున తగ్గించబోతోంది. తగ్గించాలంటే ముందు ఎంత వాడుతున్నారో తెలియాలి. ఎంత కొన్నారు, ఎంత నింపారు, ఎంత మిగిలింది, ఎంత గాలిలో పోయింది అని అన్ని కంపెనీలూ ఢిల్లీకి సమాచారం పంపుతున్నాయి. ఆ పని మంజులదే. పోయిన వారం కర్నూలులో జరిగిన శిక్షణలో, సిలిండర్‌లో ఏ గ్యాసుందో పట్టిచ్చే ఈ మిషను కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చారు. ఈసారి సమాచారం పంపబోయే ముందు వరుసకొకటి పరీక్షిద్దామని గోడౌనులోకి వచ్చింది. అంతే.

ఆమె వెనక వరుస వైపు మళ్లీ చూసింది. అక్కడ ఎప్పుడూ మూడు సిలిండర్లుండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. మిగతా రెండూ ఉండాల్సిన చోట దుమ్ములో రెండు గుండ్రటి మరకలున్నాయి.

“రంగమ్మా!” అని కేకేసింది. వాకిలి ఊడుస్తున్న రంగమ్మ చీపురుతోనే వచ్చింది.

“ఈడ రెండు సిలిండర్లుండాల. యాడికి పోయినాయి?”

“మీ తమ్ముడే గదమ్మా పొద్దున్నే వచ్చి బండికి కట్టుకోని పోయినాడు. శంకరన్న లేడు, ఉరుకుంద ఈరన్న గుడికి పోయినాడు. ముందు వరసలవాటికి ఆస్పరి ఆర్డరని చీటీలు కట్టుంటే, వాటిని ముట్టకుండా యెనకవి తీసుకున్నాడు. ఏమైందమ్మా, అట్ల చూస్తావు?”

మంజుల ఫోను తీసింది. మెకానిక్‌గా పని చేసే తమ్ముడు హరీష్‌కు చేసింది. మోగింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. పని చేసేటప్పుడు ఫోను బండి సైడు పెట్టెలో పెట్టడం వాడి అలవాటు. ఆ అలవాటు చేయించింది కూడా ఆమే.

బయల్దేరే ముందు వాడన్న మాట గుర్తొచ్చింది. ‘మన ఊళ్లో సోమప్ప సర్కిల్ కాడ లతక్క ఐస్‌క్రీం షాపులో ఫ్రీజరు పైపు పగిలింది. గ్యాసు పెట్టి, లీకు యాడుందో చూసి, అతికి వస్తా.’

గ్యాసు పెట్టి, అతికి. లత నంబరు తన దగ్గర లేదు. ఆమె పరుగెత్తింది.

*

గురురాజ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఢిల్లీకి పోవాల్సిన అంకెలు చూసి మురిసిపోతున్నాడు. మంజుల చెప్పింది విని ముందు తలుపు మూశాడు.

“ఎవరికైనా సెప్పినావా?”

“సార్, మా తమ్ముడు...”

“అది కాదు. ఎవరికైనా సెప్పినావా?”

“సార్, కారు తీస్తారా, నన్ను బస్సులో పొమ్మంటారా?”

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, తాళాలు తీసుకున్నాడు.

ఎమ్మిగనూరు రోడ్డు నిండా ఉరుకుంద పోయే బస్సులు. శ్రావణ సోమవారం కావడంతో టాపుల మీద కూడా జనం కూర్చున్నారు. గురురాజ హారను మీద చేయి తీయలేదు. మంజుల ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. అవతల మోగుతూనే ఉంది.

“ఒక్కటి అడుగుతాను, ఏమనుకోవద్దు. మీ తమ్ముడు పోయినసారి సరుకు వాపసు ఇచ్చినాడు గదా. అప్పుడు మంచి గ్యాసు యాడనో అమ్ముకోని, ఇది నింపి తెచ్చి పెట్టినాడేమో,” అన్నాడు గురురాజ.

“కల్తీ అని తెలిసినోడు దాన్ని పక్కన పెట్టుకోని మంట వెలిగిస్తాడా సార్?”

ఆయన ముందున్న బస్సును దాటాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

“మరి నా గోడౌనులో కలిసిందంటావా? శంకరన్న ఉండగా? మా తాత పెట్టిన పద్ధతి నీకు తెలుసు గదా. అమావాస్య అమావాస్యకు సరుకంతా తూకం వేసి, కాటాకు పూజ చేసి, గోడౌను చూసేవాడే కొబ్బరికాయ కొట్టాల. తూకం తగ్గిందంటే వాడు పక్కకు నిలబడాల, కాయ వేరేవాడు కొడతాడు. ఆ అవమానం తట్టుకోలేక పని మానేసినోళ్లున్నారు. దూది ఎండకు ఎండితే బరువు తగ్గుతాది. అయినా శంకరన్న కాటా ఒక్కసారి కూడా తగ్గలేదు. ముప్పై ఏండ్లుగా కాయ ఆయనే కొడతాన్నాడు. గ్యాసుకు మారినా అంతే. నీ రిపోర్టులో కూడా అదే గదా ఉండేది? తరుగు సున్నా!”

అవును, అదే ఉంది. ‘గాలిలో కలిసినది’ అన్న గడిలో మూడేళ్లుగా ఆమె సున్నా వేస్తూనే ఉంది. అందుకు గర్వపడింది కూడా. మొదటిసారి సమాచారం పంపేటప్పుడు శంకరన్న దగ్గరికి వెళ్లి తనే చెప్పింది: “ఇంక ప్రతి కేజీకీ ఢిల్లీ వాళ్లు లెక్క అడుగుతారు శంకరన్నా. అటూ ఇటూ కాకూడదు.” ఆయన తల ఊపాడు. ఆ తర్వాత నిజంగానే అటూ ఇటూ కాలేదు.

“రేపు కోటాలు పెట్టినారంటే ఈ లెక్కలే చూస్తారు. అద్దంలా ఉండాల మన లెక్క. ఇప్పుడిది బయటపడితే మూడేండ్ల రిపోర్టూ అబద్ధమే అంటారు,” అన్నాడు గురురాజ.

“సార్, తొందరగా పోనీండి.”

*

ఐస్‌క్రీం షాపు ముందు కారు ఆగకముందే మంజుల తలుపు తీసింది. పక్కన మిరపకాయ బజ్జీల బండి మీద నూనె కాగుతోంది. హరీష్ మోటారుసైకిలు నీడలో నిలబెట్టి ఉంది. దానికి ఒక సిలిండర్ కట్టి ఉంది. ఒకటే. రెండోది లోపలుందన్న మాట.

గల్లా దగ్గర కూర్చున్న లత లేచింది. “రా మంజులా! ఏందమ్మా, పిలవకుండా వచ్చినావు? మీ తమ్ముడు...”

“వాడు యాడున్నాడు?”

“యెనకాల. ఏదో గ్యాసు వాసన వస్తాంది నాయనా అంటే, బజ్జీల బండిది లేక్కా అని ఆ బండాయన మీద అరిచి వచ్చినాడు...”

మంజుల లోపలికి దూకింది. చీకటి గది. ఫ్రీజరు గోడకు దూరంగా జరిపి ఉంది. దాని వెనక హరీష్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో రాగి పైపు. కుడి చేతిలోని గొట్టం కొసన నీలం మంట అప్పుడే వెలిగింది.

“హరీషూ! ఆర్పెయ్ రా!”

వాడు తల తిప్పాడు. ముఖాన్ని కాపాడింది అదొక్కటే. భుస్సుమన్న చప్పుడుతో ఫ్రీజరు వెనక నుంచి మంట మనిషంత ఎత్తున లేచింది. హరీష్ వెనక్కి పడ్డాడు. కుడి చేయి మోచేతి దాకా మండుతోంది. లత ఐసు మీద కప్పిన తడి గోనెసంచులను పెరికి వాడి మీద వేసింది. మంజుల సిలిండర్ నాబు తడిమి, తడిమి, తిప్పేసింది. మంట పైపు దగ్గర తడబడి ఆరింది.

 బయట నూనెలో బజ్జీలు మాడుతున్న వాసన. ఆ బండాయన గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏందక్కా ఇది? 134 గదా... అంటుకోకూడదే...” అన్నాడు హరీష్, గోనెసంచి కింద నుంచి.

లత, గుమ్మం దాటి లోపలికి రాని గురురాజ వైపు తిరిగింది. “మీ గ్యాసు మీ ఇంట్లో పొయ్యికి పెట్టుకోండి సావుకారీ. నా షాపుకు పంపొద్దు.”

*

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో హరీష్ చేతికి మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టు కట్టారు. మెలకువగానే ఉన్నాడు. కర్నూలుకు పంపాల్సి రావచ్చని డాక్టరన్నాడు. వేళ్లు మునుపటిలా ముడుచుకుంటాయా అని మంజుల అడిగితే ఇప్పుడే చెప్పలేనన్నాడు. తండ్రి మగ్గం వదిలేసి వేరే పని నేర్చుకోమన్నప్పుడు, ఆ చేతి మీద నమ్మకంతోనే హరీష్ ఈ పనిలోకి వచ్చాడు.

“అక్కా, బజ్జీలాయన మీద అనవసరంగా అరిచినా. పోయి సారీ సెప్పు,” అన్నాడు.

“నోరు మూసుకోని పడుకో.”

“నోరు కాలలేదు గదా.”

ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

వరండాలో ఫోను మాట్లాడి గురురాజ లోపలికి వచ్చాడు. మంచానికి దూరంగా నిలబడ్డాడు.

“ఎస్సై బయల్దేరినాడు. ఉన్నది ఉన్నట్టు సెప్పడమే మేలు. అమావాస్యకు మా సరుకు తూకం కరెక్టుగా ఉంది. అందరూ చూసినారు. కల్తీ జరిగింటే బయటే జరిగిండాల. ఈ సిలిండర్లు బయటికి తెచ్చింది హరీష్ ఒక్కడే.”

“గోడౌనులో ఇంకొకటుంది సార్. పొద్దున నేను చూసింది అదే.”

“అది వాడు వాపసు ఇచ్చిందే అని నేను సెప్తాను,” అన్నాడాయన, గోడ వైపు చూస్తూ. “నాకూ ఇష్టం లేదు మంజులా. మూడేండ్ల లెక్క పోతే కంపెనీయే పోతాది. అందులో నీ ఉద్యోగం కూడా ఉంది.”

హరీష్ లేవబోయాడు. నొప్పికి పళ్లు బిగబట్టి మళ్లీ దిండు మీద వాలాడు. “అక్కా, ఏమంటాన్నాడు ఈయన? నేను కలిపినానా? కేసు పెట్టిస్తాడా నా మీద?”

మంజుల తమ్ముడి భుజం మీద చేయి వేసింది. చేయి కాలింది, రేపు పేరు కూడా పోతుంది. కల్తీ చేశాడన్న మాట పడితే, ఆ చేయి బాగైనా ఈ చుట్టుపక్కల ఎవరూ వాడి చేత ఫ్రిజ్ తలుపు కూడా తీయించరు.

“హరీషూ, ఒకటి సెప్పు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నవాటికి నింపేటప్పుడు గ్యాసు ఏమీ పోదా?”

“పోకుండా ఎట్లుంటాదక్కా? పైపు విప్పిన ప్రతిసారీ భుస్సని కొంచెం పోతాది. ఎంత జాగ్రత్త పడినా పోతాది. నువ్వు రిపోర్టులో రాస్తావు గదా, తెలీదా?”

ఆమె రాయలేదు. మూడేళ్లుగా సున్నా వేసింది. పోకుండా ఉండదు అన్నది ఎంత మామూలుగా చెప్పాడు! పోయింది నిజమైతే కాటా మీద బరువు తగ్గాలి. తగ్గలేదు. అంటే తగ్గినంతా ఎవరో నింపారు. బయట కాదు. కాటా ఉన్న చోటే.

అప్పుడే వార్డు గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. కొత్తగా గీయించుకున్న గుండు, నుదుట కుంకుమ, చేతిలో ఉరుకుంద ఈరన్న ప్రసాదం సంచి. శంకరన్న. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె అంచు నిండా దుమ్ము.

“రంగమ్మ ఫోను చేసింది,” అన్నాడు. కళ్లు హరీష్ కట్టు మీదే ఉన్నాయి. “యెనక వరసవి తీసినాడంట గదా.”

“రా శంకరన్నా,” అన్నాడు గురురాజ ప్రాణం లేచొచ్చినట్టు. “మంచి టైముకు వచ్చినావు. ఎస్సై వస్తాండాడు. కాటా ఎప్పుడూ తగ్గలేదని నువ్వే నీ నోటితో సెప్పు.”

శంకరన్న మంచం దగ్గరికి నడిచాడు.

మంజుల లేచి ఆయన ఎదురుగా వెళ్లింది.  

“శంకరన్నా, గ్యాసు పోకుండా ఉండదంట. మరి మన కాటా ఎందుకు తగ్గలేదు?”

ఆయన చేతిలోని సంచి జారి నేల మీద పడింది. ప్రసాదం పొట్లం విప్పుకుంది. దాన్ని ఎత్తడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు. మంచం కోడు పక్కన అట్లే కూలబడ్డాడు.

“నేనే కలిపినానమ్మా,” అన్నాడు. “వీడు కాదు. సావుకారీ, పిల్లోడి మీద పెట్టొద్దు. నేనే.

“మీ నాయన కాలంలో, సావుకారీ, దూది ఎండిపోయి తూకం తగ్గితే, అమావాస్య ముందర రెండు బేళ్ల మీద నీళ్లు చల్లేవాణ్ణి. అందరూ చేసేదే. తడిపిన బేలు యెనక వరసలో పెడతాం. కాటా అయినాక ఎండబెట్టి పంపుతాం. ఎవరికీ నష్టం లేదు. కాయ నా చేత్తోనే కొట్టినా. నా పెండ్లాము, బిడ్డలు చూస్తాండగా కొట్టినా. ముప్పై ఏండ్లు తల దించుకోలేదు.

“గ్యాసు వచ్చినాక అది నిలవదమ్మా. తూకం వేసిన ప్రతిసారీ కొంచెం తక్కువ. యాడ పోతాందో కంటికి కనపడదు. అప్పుడే నువ్వొచ్చి సెప్పినావు, ఒక్క కేజీ కూడా అటూ ఇటూ కాకూడదు, ఢిల్లీ వాళ్లు అడుగుతారని. నాకు నిద్ర పట్టలేదు. ఊళ్లో కాటా తగ్గితేనే పక్కకు నిలబెడతారు, ఢిల్లీలో తగ్గితే ఏం చేస్తారో అనుకున్నా. మా ఇంటి సిలిండర్ మోసుకొచ్చినా. యెనక వరసలో మూడు పెట్టుకున్నా. ఆర్డరు పోయేవాట్లో తగ్గింటే ఆ మూడిట్లో నుంచి మంచి గ్యాసు తీసి నింపినా. బయటికి పోయేది ఒక్కటి కూడా చెడ్డది పంపలేదు, ఈరన్న సాక్షి. ఒకదాంట్లో తీసేది అయిపోయినాక, ఖాళీ అయినంత మేర వంటగ్యాసు పట్టినా, మళ్లీ దాంట్లో నుంచి తీయలేదు. దూదికి నీళ్లు పట్టినట్టే పట్టినా. గ్యాసుకు గ్యాసే గదా అనుకున్నా. అవి కదిలేవి కావు. కాటాకు చూపించేదానికే ఉండేవి.

“ఈ పొద్దు మొక్కు తీర్చుకుందామని పోయినా. చీటీ కట్టి పోవాలని తోచలేదు. కట్టింటే వీడు ముట్టేవాడు కాదు.

“ఎంత పోయిందో మీ రిపోర్టులో రాస్తారంట గదా? ఇప్పుడు గుమ్మంలోకి వస్తాంటే హరీష్ అన్న మాట చెవిన పడితే తెలిసింది. పోయింది అని రాయొచ్చని నాకు ఎవరూ సెప్పలేదమ్మా. పోయిందని ఒప్పుకున్నోణ్ణి పక్కకు నిలబెట్టడమే నేను చూసింది. అది తప్పించుకుందామనే కలిపినా.

“హరీషూ, నీ చేయి కాల్చింది నేను రా. ఎస్సై రానీ. నేనే ముందర పోయి నిలబడతా.”